స్వచ్ఛంద సేవ - ప్రజా సమాచారం: నెల్లూరు అక్షరదీపం అనుభవం

1. ఉపోద్ఘాతం

జర్నలిజం, ప్రజాసంబంధాలు చదువుతున్న మీరు క్షేత్రకార్యం కోసం ఎప్పుడో ఒకప్పుడు ఒక ఊరికో బస్తీకో వెళ్తారు. మీ చేతిలో కరపత్రాలో ప్రశ్నావళో ఉంటుంది. ప్రజలకు తెలియనిదేదో తెలియజెప్పడానికి వెళ్తున్నామన్న భావన మనసులో ఉంటుంది. విద్యార్థిగా నాకూ అదే భావన ఉండేది. అది ఎక్కడ నుంచి వచ్చిందో, 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో అది ఎలా తలకిందులైందో ఈ పాఠంలో చూద్దాం.

2. నేపథ్యం

విద్యార్థులు చదువుతోపాటు సమాజ సేవ చేయాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం కాలం నుంచే దీనిపై చర్చ ఉంది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైంది. 'నేను కాదు, నీవు' అన్నది దాని ఆదర్శ వాక్యం. ఊళ్ళో శిబిరం వేయడం, శ్రమదానం చేయడం, మొక్కలు నాటడం దాని ప్రధాన కార్యక్రమాలు.

ఆ కాలంలోనే అభివృద్ధి సమాచారంపైనా ప్రయోగాలు జరిగాయి. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేశారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వ్యవసాయం, ఆరోగ్యం గురించి గ్రామస్థులు చూశారు, విన్నారు. అయితే ఆ పెట్టె ముందు కూర్చున్నవారు తిరిగి ఒక మాట చెప్పాలంటే దారి లేదు. సేవలోనూ సమాచారంలోనూ ఇచ్చేవారు ఒకవైపు, పుచ్చుకునేవారు మరోవైపు ఉండిపోయారు.

3. నెల్లూరులో అక్షరదీపం

1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్ ప్రారంభమైంది. కేరళలోని ఎర్నాకుళం 1990లో దేశంలోనే తొలి సంపూర్ణ అక్షరాస్యత జిల్లాగా ప్రకటన పొందింది. అక్కడ చదువు చెప్పినవారు జీతగాళ్ళు కారు, వేలాది వాలంటీర్లు. అదే పద్ధతిలో నెల్లూరు జిల్లా యంత్రాంగం, స్వచ్ఛంద సంస్థలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి 'అక్షరదీపం' చేపట్టారు. కళాజాతాలు ఊరూరా పాటలతో, వీధి నాటకాలతో జనాన్ని కూడగట్టాయి. పగలు కూలికి పోయే స్త్రీలు రాత్రి వంట ముగించుకొని కేంద్రానికి వచ్చేవారు. వారి వాచకాల్లో అక్షరాలతోపాటు కూలి, ఆరోగ్యం, తాగుడు వంటి నిత్యజీవిత విషయాలు ఉండేవి. తాగుడు వల్ల నాశనమైన కుటుంబాన్ని గురించిన 'సీతమ్మ కథ' అలాంటిదే.

4. ఒక వాలంటీరు డైరీ

అప్పట్లో నేను జర్నలిజంలో పరిశోధక విద్యార్థిని. మెట్ట ప్రాంతంలోని ఒక ఊరి కేంద్రానికి వాలంటీరుగా వెళ్ళాను. చదువు వల్ల కలిగే లాభాల మీద ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. పది నిమిషాలు కాకముందే ఒక పెద్దామె నన్ను ఆపింది. "నాయనా, సంతకం పెట్టడం నేర్చుకుంటాం గానీ, ఇంటికి పోయేసరికి కూలి డబ్బులు సారాయి కొట్టుకి పోతన్నాయి. దానికేం చేద్దాం చెప్పు" అంది. మిగతా ఆడవాళ్ళు కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరి మొగుడు ఎంత తాగుతాడో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో లాంతరు వెలుగులో గంటసేపు చెప్పుకున్నారు. ఆ రాత్రి పాఠం సాగలేదు.

గదికి వచ్చి దినచర్య పుస్తకం నింపాను. హాజరు ఎంత, ఏ పాఠం అయింది, పలకలు సరిపోయాయా అన్న గడులు అందులో ఉన్నాయి. వాళ్ళు మాట్లాడినదానికి గడి లేదు. 'పాఠం జరగలేదు' అని రాసి మూసేశాను. జర్నలిజం చదువుతూ, నా కళ్ళముందు నడిచిన వార్తను నేను గుర్తించలేదు. ఏడాది తిరిగేసరికి అదే విషయం దినపత్రికల మొదటి పేజీల్లో చదివాను.

5. సారా వ్యతిరేక ఉద్యమం

దూబగుంటలో రోశమ్మ వంటి స్త్రీలు కూడి ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ విజయం 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠంగా నవ అక్షరాస్యుల వాచకంలోకి వచ్చింది. అంటే పాఠం నుంచి చర్చ, చర్చ నుంచి చర్య, ఆ చర్య నుంచి మళ్ళీ కొత్త పాఠం పుట్టాయి. 1992లో ఉద్యమం జిల్లా అంతటికీ, తర్వాత రాష్ట్రంలోని ఇతర ప్రాంతాలకూ పాకింది. స్త్రీలు సారా పాటలు జరగకుండా అడ్డుకున్నారు. సారా పాటల ఆదాయం ప్రభుత్వానికి ముఖ్యమైనది. ఒక చేత్తో సారా వేలం వేస్తూ మరో చేత్తో పలకా బలపం పంచుతున్న ప్రభుత్వాన్ని ఆ స్త్రీలు నిలదీశారు. చివరకు 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

ఇక్కడ మీరు ఒక జాగ్రత్త పాటించాలి. ఒక్క వాచకమే ఉద్యమాన్ని పుట్టించిందని రాయకండి. స్త్రీల కోపం వాచకం కంటే పాతది. మహిళా సంఘాలు, రాజకీయ కార్యకర్తలు, పత్రికలు తమ వంతు పాత్ర నిర్వహించాయి. రాత్రి కేంద్రం వారికి ఇచ్చింది ప్రధానంగా ఒక చోటు. ఎవరింట్లో వారు భరిస్తున్న కష్టం అందరిదీ అని తెలుసుకున్న చోటు అది.

6. సారాంశం

జాతీయ సేవా పథకం విద్యార్థిని ఊరికి తీసుకెళ్ళింది. ఉపగ్రహ ప్రసారం ఊరికి సమాచారం చేర్చింది. అక్షరదీపం కేంద్రాల్లో మాత్రం ఊరే మాట్లాడింది. వాలంటీర్ల ప్రణాళికలో సారా నిషేధం లేదు. చదువుకోవడానికి వచ్చినవారు దాన్ని ఎజెండాగా మార్చారు. క్షేత్రకార్యానికి వెళ్ళేటప్పుడు మీకూ ఒక నమూనా పత్రం ఇస్తారు. దాన్ని తప్పక నింపండి. దానితోపాటు ఒక తెల్లకాగితం కూడా తీసుకెళ్ళండి. మీరు అడగకపోయినా వాళ్ళు చెప్పిన మాటలను వాళ్ళ మాటల్లోనే ఆ రాత్రే రాసుకోండి. నేను రాయకుండా వదిలేసిన ఆ గంట మాటలు ఇప్పుడు నాకు తునకలుగానే గుర్తున్నాయి. వాటిని ఇంకెక్కడా వెతుక్కోలేను.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1975-76 ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగానికీ, అక్షరదీపం కేంద్రాలకూ సమాచార ప్రక్రియలో ఉన్న తేడాను వివరించండి.
2. సారా వ్యతిరేక ఉద్యమానికి అక్షరాస్యతా కార్యక్రమం ఒక్కటే కారణమా? చర్చించండి.
3. మీ ఊరిలో లేదా బస్తీలో ఒక సాయంత్రం గంటసేపు ఏమీ బోధించకుండా విని, విన్నదాన్ని రెండు పేజీల్లో రాయండి.