కిరసనాయిలు డబ్బా

విశాఖపట్టణపు రేవు ద్వారమున అలల తాకిడిని ఆపుటకు ఇంజనీర్లు రాళ్లను మాత్రమే నమ్ముకొనలేదు. పాతబడిన రెండు ఓడలను అచ్చట ముంచి, వాటినే అడ్డుగోడగా చేసిరి. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ అను ఓడ రేవులోనికి వచ్చెను. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డను ప్రభువు రేవును ప్రారంభించెను. ఆ ఓడల సంగతి రేవు చరిత్రలో చేరినది. ఆ కాలముననే మన యిండ్లలో రెండవ జన్మ మెత్తిన వేరొక వస్తువును చరిత్రకారులు అంతగా పట్టించుకొనలేదు. అది కిరసనాయిలు డబ్బా.

నలుచదరపు రేకు డబ్బా అది. నాలుగు గ్యాలన్లు, అనగా ఇంచుమించు 18 లీటర్లు పట్టును. రెండేసి డబ్బాలను ఒక కొయ్యపెట్టెలో అమర్చి ఓడ కెక్కించెడివారు. రేవు కట్టకపూర్వము ఓడలు తీరమునకు దూరముగా నిలువగా, సరకులను పడవలపై గట్టుకు చేర్చవలసి వచ్చెడిది. మన జిల్లాల కూలీలు రంగూనుకు పోయెడి సముద్రము మీదుగనే బర్మా నూనె మన దేశమునకు వచ్చెడిది. ఈ డబ్బాల గిరాకీ ఎంతటిదనగా, వాటికి వలయు తగరపు పూత రేకును తయారు చేయుటకే ముఖ్యముగా 1920లో జంషెడ్‌పూరు చెంత బర్మా నూనె కంపెనీయు, టాటా వారును కలిసి ఒక కర్మాగారమును నెలకొల్పిరి.

నూనె అయిపోయిన పిదప డబ్బా అసలు కథ మొదలగును. పైరేకును కోసి, అంచును లోనికి మడిచి, అడ్డముగా కొయ్యముక్కను బిగించినచో అది నీళ్ల డబ్బా. కావడికి రెండు కట్టి నూతినుండి వీధులవెంట మోసెడివారు. బూడిదతో తోమి, వేడినీళ్లతో కడిగి, నాలుగు దినములు ఎండబెట్టి మూత చేయించినచో బియ్యమునకో చోళ్ళకో గాదె. (ఎంత కడిగినను మొదటి నెల అన్నమున కొంచెము వాసన తగులుచునే యుండెడిది, ఆ మాట ఇంటిలో ఎవ్వరును పైకి అనెడివారు కారు.) రేకుపనివారు దానిని విప్పి గరాటులు, బుడ్డిదీపములు, కొలపాత్రలు చేసి, మాటువేసి యిచ్చెడివారు. ఏ పనికిని రాని ముక్క చదునై గుడిసె కప్పునకు ఎక్కెడిది. కొయ్యపెట్టెయు వృథా కాలేదు. అది పిల్లల పుస్తకముల అలమర. నాటకమున ఉరుము వినిపింపవలసి వచ్చినపుడు పలుచని రేకును ఊపుట మా రేడియోవారి పాత విద్య కనుక, ఆ రేకుతో మాకును చుట్టరిక మున్నది.

1942లో ఈ డబ్బాకు అపూర్వమైన విలువ వచ్చెను. ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయెను. తగరమిచ్చు మలయా జపానువారి వశమైనది. మార్చిలో రంగూను పోయెను. దానితో బర్మా నూనెయు పోయెను. ఏప్రిలు 6న విశాఖపట్టణముపైననే బాంబులు పడినవి. దీపమునకు నూనె లేదు, క్రొత్త డబ్బా లేదు. చిల్లుపడిన పాత డబ్బాకు మూడవ మాటు, నాలుగవ మాటు వేయించుకొన్న యిండ్లు ఎన్నియో.

దీనిని పొదుపని పొగడుటకు మేము కొంచెము సంకోచించుచున్నాము. అది చాలవరకు లేమి. సరిగా మడవని రేకు అంచు నీళ్లు మోసెడి స్త్రీల వ్రేళ్లను కోసెడిది. తుప్పు పట్టిన డబ్బాలోని నీరే ఆనాడు పిల్లలు త్రాగిరి. అయినను ఒక మాట ఒప్పుకొనవలెను. ఆ డబ్బాను విప్పుటకు, అతుకుటకు, మార్చుటకు ప్రతి పేటలోను తెలిసిన చేయి యుండెడిది. నేటి ప్లాస్టిక్ డొక్కు పగిలినచో దానిని అతుకువా రెవరు? ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించిరి. పగిలిన బిందె మాత్రము ఆ జాబితాలో లేదు.

1957లో కాల్టెక్సువారి నూనెశుద్ధి కర్మాగారము విశాఖలోనే వెలసెను. క్రమముగా కిరసనాయిలు పీపాలలోనికిని, లారీ ట్యాంకులలోనికిని మారినది. డబ్బా మాత్రము పూర్తిగా పోలేదు. 15 కిలోల వంటనూనె డబ్బాగా అంగళ్లలో నేటికిని నిలిచియున్నది. ఖాళీ అయినదానిని మిఠాయి దుకాణమువారు బేరమాడి కొనుచుందురు.

చిట్టచివరకు పాతయినుము వర్తకుని తక్కెడకు చేరిన డబ్బాకు ఒక చిక్కు కలదు. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారము వంటి చోట్ల, కరగిన యినుమును ఉక్కుగా మార్చునపుడు కొంత తుక్కును కలుపుట కలదు. కాని తగరము చేరినచో ఉక్కు గుణము చెడును. కనుక ఆ పూతను రసాయనములతో విడదీయవలెను, లేదా బహు కొద్దిగా మాత్రమే కలుపవలెను. డబ్బాను తుప్పునుండి ఇన్నేండ్లు కాపాడిన తగరమే, అది మరల ఉక్కు కాబోవు వేళ అడ్డు నిలుచుచున్నది.