సర్పంచ్‌ను దించేదెవరు? రీకాల్, సెక్షన్ 249, రిజర్వుడు కుర్చీ

గెలిపించిన ఓటర్లే పదవీకాలం మధ్యలో మళ్లీ ఓటేసి ప్రజాప్రతినిధిని ఇంటికి పంపే హక్కును రీకాల్ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ హక్కు లేదు. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో ఊరంతా కలిసి సంతకాలు, వేలిముద్రలు పెట్టి కాగితం ఇచ్చినా అది ఫిర్యాదు మాత్రమే అవుతుంది. దానివల్ల సర్పంచ్ పదవి పోదు. ఆ అధికారం భీమవరంలో ఉండే జిల్లా కలెక్టర్‌ది.

ఈ కుర్చీ ఎందుకంత ముఖ్యమో డెల్టా పల్లెల్లో పనిచేసేవారికి చెప్పనక్కర్లేదు. మురుగు ఎటు పోవాలి, శ్మశానానికి దారి ఉందా లేదా, పేటకు మంచినీటి కుళాయి ఎప్పుడొస్తుంది, చెరువు ఎవరి చేతికి పోతుంది అన్నవన్నీ పంచాయతీ దగ్గరే తేలాలి. 2017 మార్చి 30న మొగల్తూరు మండలం నల్లంవారితోటలో రొయ్యల శుద్ధి ప్లాంటు ట్యాంకులో విషవాయువుకు ఐదుగురు కార్మికులు చనిపోయారు. అలాంటి పరిశ్రమ పక్కన బతికే ఊళ్లో పంచాయతీ ఎవరి మాట వింటుందన్నది ప్రాణాల మీదికొచ్చే సంగతి.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం పదవి నుంచి దించడానికి రెండు దారులు పెట్టింది. సెక్షన్ 245 కింద అవిశ్వాస తీర్మానం ఒకటి. ఇది సభ్యులు ఎన్నుకున్న పదవులకే, అంటే ఉప సర్పంచ్, ఎంపీపీ, జడ్పీ చైర్‌పర్సన్ లాంటివారికే వర్తిస్తుంది. మొగల్తూరు ఎంపీపీని దించాలంటే మొత్తం ఎంపీటీసీల్లో సగానికి తగ్గకుండా సంతకాలు చేసి నరసాపురం ఆర్డీవోకు నోటీసు ఇవ్వాలి. సమావేశానికి పదిహేను రోజుల ముందు సభ్యులందరికీ సమాచారం అందాలి. తీర్మానం నెగ్గాలంటే మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు చేతులెత్తాలి. పదవి చేపట్టాక నాలుగేళ్లు నిండేదాకా నోటీసు చెల్లదు. ఎంపీటీసీలు పార్టీ గుర్తు మీద గెలుస్తారు కాబట్టి విప్ కూడా ఉంటుంది. ఇందులో ఓటరుకు ఏ పాత్రా లేదు.

సర్పంచ్ నేరుగా ప్రజల ఓటుతో గెలుస్తారు. అందుకే వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టలేరు. సర్పంచ్‌కు వర్తించేది రెండో దారి, సెక్షన్ 249. ప్రభుత్వ ఆదేశాలను కావాలని ధిక్కరించడం, అధికార దుర్వినియోగం, నిధుల స్వాహా, విధుల్లో దుష్ప్రవర్తన రుజువైతే కలెక్టర్ తొలగించవచ్చు. ముందుగా వివరణ ఇచ్చుకునే అవకాశం ఇచ్చి తీరాలి. విచారణ సాగుతుండగా సస్పెండ్ చేసే అధికారమూ ఉంది. దీనికితోడు పదవిలో ఉంచుతూనే చెక్ పవర్ ఆపేసే పద్ధతి ఒకటుంది. దాంతో సర్పంచ్ కుర్చీలో ఉంటారు గానీ బల్బు కొనడానికి కూడా సంతకం చెల్లదు.

దళిత సర్పంచ్‌కు అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రాజ్యాంగం 243డి అధికరణ వల్ల సర్పంచ్ పదవికి రిజర్వేషన్ వచ్చింది. ఉప సర్పంచ్ పదవికి అది లేదు. పేట నుంచి గెలిచిన మహిళ సర్పంచ్‌గా ఉన్నచోట ఉప సర్పంచ్‌గా ఊరి పెద్ద కులం మనిషి ఉండటం ఆశ్చర్యమేమీ కాదు. సర్పంచ్ సస్పెండ్ అయితే పగ్గాలు ఆయన చేతికి వెళ్తాయి. రిజర్వేషన్ కాగితం మీద అలాగే ఉంటుంది, కుర్చీ మాత్రం చేతులు మారుతుంది. కాబట్టి ఇలాంటి ఊళ్లో ఫిర్యాదు వచ్చినప్పుడు అందులో ఏముందో చూడటంతో ఆగకూడదు. సస్పెన్షన్ వల్ల లాభం ఎవరికో కూడా మనం అడగాలి.

అలాంటప్పుడు రీకాల్ తెచ్చుకుంటే మేలు కదా అని విద్యార్థి మిత్రులు అడుగుతుంటారు. మధ్యప్రదేశ్ తన 1993 పంచాయతీ చట్టంలోని సెక్షన్ 21-ఏ ద్వారా ఈ హక్కు ఇచ్చింది. సర్పంచ్ గెలిచి రెండున్నరేళ్లు దాటాక గ్రామసభ సభ్యుల్లో మూడో వంతు నోటీసు మీద సంతకం చేయాలి. ఆ తర్వాత రహస్య ఓటింగ్‌లో మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువమంది వద్దంటే పదవి పోతుంది. ఛత్తీస్‌గఢ్ పట్టణాల్లో 2008లో ముగ్గురు నగర పంచాయతీ అధ్యక్షులను ఓటర్లు ఇలాగే ఇంటికి పంపారు. హర్యానా 2020లో సర్పంచులకు రీకాల్ తెచ్చింది.

మధ్యప్రదేశ్ లెక్కను మన ఊరికి వేసి చూద్దాం. ఓటర్లు 3,000 మంది, పేటలో 700 మంది అనుకుందాం. నోటీసుకు 1,000 సంతకాలు కావాలి, దించడానికి 1,501 ఓట్లు కావాలి. పేటకు అన్యాయం చేసే భూస్వామి సర్పంచ్‌ను దించాలంటే పేట ఒక్కటే నోటీసు కూడా ఇవ్వలేదు. అదే దళిత సర్పంచ్ ఊరి పెద్దల మాట కాదంటే, పేట మొత్తం అండగా నిలిచినా మిగతా 2,300 మందిలో 1,501 మంది చాలు. అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని పాలనకు పునాదిగా తీసుకోవడానికి ఎందుకు ఒప్పుకోలేదో ఈ లెక్క చెబుతుంది. రీకాల్ మంచి హక్కే. కానీ రిజర్వుడు స్థానాలకు విడిగా రక్షణ లేకుండా దాన్ని అడిగితే, ఆ కత్తి మన వైపే తిరిగే ప్రమాదం ఎక్కువని మా అభిప్రాయం.

చట్టంలో దారి లేనిచోట కూడా దించేశారు. తమిళనాడు ఉసిలంపట్టి ప్రాంతంలోని పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలను 1996లో దళితులకు రిజర్వు చేస్తే, 2006 దాకా అక్కడ ఎన్నికలు సవ్యంగా సాగనివ్వలేదు. గెలిచినవాళ్ల చేత వెంటనే రాజీనామా చేయించారు. మేలవళవులో పంచాయతీ అధ్యక్షుడిగా గెలిచిన దళితుడు మురుగేశన్‌ను 1997 జూన్ 30న మరో ఐదుగురితో పాటు నరికి చంపారు.

2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దీన్ని పట్టించుకుంది. సెక్షన్ 3(1)(ఎం) ప్రకారం పంచాయతీ, మున్సిపల్ పదవిలో ఉన్న దళితులను, ఆదివాసీలను బెదిరించి, అడ్డుకుని విధులు చేయనివ్వకపోవడం నేరం. కుర్చీ వేయకపోవడం, జెండా ఎగరేయనివ్వకపోవడం, రికార్డులు చూపించకపోవడం, రాజీనామా కాగితం మీద బలవంతంగా సంతకం తీసుకోవడం లాంటివి జరిగినప్పుడు ఈ సెక్షన్ పేరు పెట్టి మరీ ఫిర్యాదు రాయాలి. ‘మమ్మల్ని అవమానించారు’ అని మాత్రమే రాస్తే ఠాణాలో రాజీ చేసి పంపేస్తారు.

249 నోటీసు అందిన సర్పంచ్ నోటిమాటతో వివరణ ఇవ్వకూడదు. గడువులోపు రాతపూర్వకంగా ఇచ్చి, రశీదు తీసుకోవాలి. ఆరోపణకు ఆధారమైన విచారణ నివేదిక కాపీ అడగాలి, ఇవ్వకపోతే ఆ సంగతీ వివరణలోనే రాయాలి. పంచాయతీ తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, కొలతల పుస్తకం నకళ్లు నోటీసు రాకముందే దగ్గర పెట్టుకుంటే మంచిది. సస్పెండ్ అయ్యాక కార్యదర్శి వాటిని చూపించరు. తొలగింపు ఉత్తర్వు వస్తే ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు, హైకోర్టుకూ వెళ్లవచ్చు. ఉత్తర్వు చేతికందిన తేదీని కాగితం మీదే రాసి, ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించుకోవాలి.