గొడుగు లేకుండా ఊరంతా: బొలోన్యా నడక

బయట వాన, చేతిలో గొడుగు లేదు. అయినా ఊరి నడిబొడ్డున తడవకుండా కిలోమీటర్లు నడవొచ్చు. ఎక్కడంటారా? ఇటలీలోని బొలోన్యాలో. మ్యాప్ ఓపెన్ చేయండి, కలిసి నడుద్దాం.

పియాజ్జా మజోరే, అంటే ఊరి మధ్య పెద్ద చౌక్, అక్కడ మొదలెడదాం. ఏ వీధిలోకి తిరిగినా ఇళ్ల ముందు స్తంభాలు, వాటి మీద కమాన్లు కనిపిస్తాయి. వీటిని పోర్టికోలు అంటారు. మన మాటలో స్తంభాల వసారా. నగరం మొత్తం మీద 62 కిలోమీటర్లున్నాయి! 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి.

ఇన్ని ఎందుకు కట్టారు? 1088లో మొదలైందని చెప్పుకునే యూనివర్సిటీ ఇక్కడిదే. స్టూడెంట్స్ వచ్చారు, పనివాళ్లు వచ్చారు, ఇళ్లు చాల్లేదు. దాంతో ఓనర్లు పై అంతస్తు గదుల్ని వీధి మీదకి పెంచేశారు. బరువు ఆగడానికి కింద కర్ర స్తంభాలు నిలబెట్టారు. సూటిగా చెప్పాలంటే ఆక్రమణే.

ట్విస్ట్ ఇక్కడుంది. పాలకులు దాన్ని ఆపకుండా, 1288లో ఏకంగా రూల్ చేసేశారు. కొత్త ఇల్లు కడితే పోర్టికో ఉండాల్సిందే. గుర్రం మీద మనిషి పట్టేంత ఎత్తు, అంటే దాదాపు 2.66 మీటర్లు ఉండాలి. స్థలం ఓనర్‌ది, రిపేర్ ఖర్చూ ఓనర్‌దే, నడిచే హక్కు మాత్రం అందరిదీ. పైన గది నువ్వు వాడుకో, కింద దారి జనానికి వదులు. మా కోడింగ్ భాషలో టెంపరరీ ప్యాచ్ పర్మనెంట్ స్టాండర్డ్ అయిపోయింది.

కాస్త తూర్పుకి నడిస్తే రెండు టవర్లు. 12వ, 13వ శతాబ్దాల్లో డబ్బున్న కుటుంబాలు పోటీపడి ఇలాంటివి పదుల సంఖ్యలో కట్టాయి. ఇప్పుడు మిగిలినవి సుమారు ఇరవై. అసినెల్లి ఎత్తు 97 మీటర్లు. పక్కన ఒరిగిపోయి ఉన్నది గరిసెండా. పడిపోతుందన్న భయంతో 14వ శతాబ్దంలోనే దాని పైభాగం తీసేశారు. 2023 అక్టోబర్‌లో మళ్లీ అదే భయంతో చుట్టూ దారులు మూసేశారు.

అక్కడి నుంచి స్ట్రాడా మజోరే వీధిలోకి రండి. ఇజొలాని ఇంటి ముందు ఆగండి. 1568లో కర్ర స్తంభాలు తీసి ఇటుక, రాయితో కట్టమని ఆర్డర్ వచ్చింది. ఈ ఇంటివి మాత్రం తప్పించుకున్నాయి. 13వ శతాబ్దపు కర్ర దూలాలు, దాదాపు 9 మీటర్ల ఎత్తు. వాటి కింద నుంచి ఇవాళ కూడా జనం కాలేజీకి, ఆఫీసుకి వెళ్తున్నారు.

గొప్ప కోసం కట్టిన టవర్‌ని ఇప్పుడు దూరం నుంచి చూడాలి. పక్కవాడు నడవడానికి వదిలిన వసారా కింద మనం నిలబడి ఉన్నాం. మీ ఇల్లు కడుతుంటే ఆ నాలుగడుగులు వదులుతారా? కామెంట్‌లో నిజాయితీగా చెప్పండి.