రైలు, గేటు, కార్మికుని ఇల్లు

మనిషి ఎక్కడ నివసించాలన్నది అతని ఇష్టాన్ని బట్టి వుంటుందని బూర్జువా అర్థశాస్త్రజ్ఞులు చెబుతారు. ఇంటి అద్దెను ఒక తక్కెడలోనూ, ప్రయాణపు ఖర్చును మరో తక్కెడలోనూ వేసి తూచుకుని, తనకు గిట్టుబాటైన చోటు ఎంచుకుంటాడట. కనుక నగరం అంచుదాకా రైలు వేస్తే చాలు, మురికివాడలు తమంతట తామే ఖాళీ అయిపోతాయన్నమాట. ఈ వాదం కొత్తది కాదు. చరిత్ర దీన్ని ఇదివరకే పరీక్షించింది. ఆ పరీక్ష ఫలితాన్ని మనం ఒకసారి తిరగేసి చూడటం అవసరం.

మొదట లండన్‌ను తీసుకుందాం. అక్కడ రైలు పేదవాడికి ఇల్లు చూపించటంతో ప్రారంభించలేదు, ఉన్న ఇల్లు కూల్చటంతో ప్రారంభించింది. 1868లో తెరిచిన సెయింట్ పాంక్రాస్ స్టేషన్ కోసం ఏగర్ టౌన్ అనే పేటను నేలమట్టం చేశారు. కొంపలు పోయిన వేలాదిమంది ఎక్కడికీ దూరం పోలేదు. పక్క వీధుల్లోని గదుల్లోనే మరింత ఇరుకుగా సర్దుకున్నారు. ఇలాంటి కూల్చివేతలపై గోల పుట్టటంతో పార్లమెంటు 1864లో గ్రేట్ ఈస్టర్న్ రైల్వే మీద ఒక షరతు పెట్టింది: ఎడ్మంటన్, వాల్తమ్‌స్టోల నుంచి కార్మికులను రానూపోనూ 2 పెన్నీలకు తీసుకురావాలి. 1883లో వచ్చిన చౌక రైళ్ళ చట్టం ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరింపజేసింది.

దాని ఫలితం ఏమిటి? ఈ ఛార్జీ వర్తించిన దిక్కున చిన్న చిన్న ఇళ్ళ వరుసలు మైళ్ళ పొడుగునా లేచాయి. కార్మికులు అక్కడికి వెళ్ళిన మాట నిజమే. కాని ఏ కార్మికులు? నెల తిరిగినా, వారం తిరిగినా జీతం తప్పదని నమ్మకం వున్నవాళ్ళు: చేతిపనివాళ్ళు, అచ్చుపనివాళ్ళు, చిన్న గుమాస్తాలు. వాళ్ళకైనా చౌక టిక్కెట్టు తెల్లవారుజామున మాత్రమే. తొమ్మిదింటికి పని మొదలయ్యే ఆడపిల్లలు ఏడు గంటలకే దిగి, దుకాణాలు తెరిచేదాకా వీధుల్లో నిలబడేవాళ్ళు. అంటే నిద్ర లేచే గడియను కూడా టిక్కెట్టే నిర్ణయించింది.

ఇక రేవు కూలీల సంగతి వేరు. ఏ పూట ఎవరికి పని దొరుకుతుందో పొద్దున్నే రేవు గేటు దగ్గర పిలుపు వచ్చేదాకా తెలియదు. పిలుపు రాకపోతే మధ్యాహ్నం మళ్ళీ ప్రయత్నించాలి. అట్లాంటివాడు ఎడ్మంటన్‌లో ఇల్లు తీసుకుంటే, లేని కూలి కోసం రోజూ రెండు పెన్నీలు తగలెయ్యాలి. అందుకే ఈస్ట్ ఎండ్ ఖాళీ కాలేదు. 1889 సమ్మెలో రేవు కూలీలు గంటకు ఆరు పెన్నీలతో పాటు, పిలిస్తే కనీసం నాలుగు గంటల పని ఇవ్వాలని కూడా కోరారు. ఇళ్ళ సమస్యకు రైల్వే కంపెనీ కన్నా ఈ రెండవ కోరికే దగ్గరి సంబంధం కలిగినది. పెట్టుబడిదారులు ఇళ్ళ సమస్యను పరిష్కరించరు, ఒకచోటి నుంచి మరొకచోటికి నెడతారని 1872లో ఎంగెల్స్ రాశాడు. నెట్టటానికి కూడా వీలుకాని జనం ఒకరున్నారని రేవు గేటు మనకు చూపిస్తుంది.

ఇదే గేటు బొంబాయిలో మిల్లు గేటు రూపంలో కనిపిస్తుంది. ఈ కథలో మన తెలుగువాళ్ళు కూడా వున్నారు. నిజాం రాజ్యం నుంచి వెళ్ళిన తెలుగు కట్టడపు కూలీల పేరు మీదనే కామాఠీపురా వెలిసింది. తెలంగాణ పద్మశాలీలు మగ్గం వదిలి మిల్లుల్లో చేరారు. 1853లోనే బోరీబందర్ నుంచి ఠాణాకు రైలు నడిచింది, 1925లో విద్యుత్ రైలు కూడా వచ్చింది. అయినా మిల్లు కార్మికుడు ఎక్కువగా నడిచి వెళ్ళగల దూరంలోనే, పరేల్, లాల్‌బాగ్ ప్రాంతపు చాల్ గదుల్లో వున్నాడు. రైలెక్కి దాదర్, మాతుంగాలకు పోయినవాడు నెలజీతపు గుమాస్తా.

ఎందుచేత? బద్లీ కార్మికుడు రోజూ గేటు దగ్గర జాబర్ కంట పడాలి. పని లేని రోజుల్లో అప్పు పెట్టే కిరాణా కొట్టు, ఆదుకునే సొంత ఊరివాళ్ళు ఆ వీధిలోనే వున్నారు. 1920లలో ప్రభుత్వం వర్లీ మొదలైన చోట్ల 160 చదరపు అడుగుల గదులతో చాల్‌లు కట్టించినప్పుడు, వర్లీలో చాలా గదులు కొన్నేళ్ళు ఖాళీగా పడివున్నాయి. కార్మికునికి ఇల్లు అక్కర్లేక కాదు. అతనికి ఇల్లంటే నాలుగు గోడలు కాదు, గేటూ కొట్టూ కలిసిన ఇల్లు.

1982 జనవరి 18న సుమారు 2,50,000 మంది మిల్లు కార్మికులు సమ్మెకట్టారు. ఆ సమ్మె ఓడిపోయింది. మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి, వాటి స్థలాల్లో ఆఫీసులూ అంగళ్ళూ లేచాయి. గేటు పోయాక కార్మికుల కుటుంబాలు ఎన్నో కల్యాణ్, విరార్ వైపు తరలిపోయాయి. పూర్వం పనికి నడిచిపోయిన వాళ్ళ బిడ్డలు ఇప్పుడు గంటల తరబడి రైల్లో వేలాడుతున్నారు. మిల్లుల పేటకు వేసిన పాత స్టేషన్ల మీద ఆఫీసుల జనమంతా వచ్చిపడింది. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ ఇరుకు వంతెన మీద తొక్కిసలాటలో ఇరవైమందికి పైగా చనిపోయారు. స్థలం అమ్మిన లాభం ఒకరిది, దూరం మొయ్యటం మరొకరి వంతు.

హైదరాబాదులో 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు, 2017లో మెట్రో వచ్చాయి. రావలసినవే. ప్రజారవాణా వద్దనే ప్రగతివాది ఎవడూ వుండడు. కాని ప్రతి ఉదయం తాపీ చేతపట్టుకుని కూలీల అడ్డాలో నిలబడే పాలమూరు మనిషిని ఒకసారి అడగండి, ఇల్లు ఎక్కడ తీసుకున్నావని. అడ్డాకు నడిచిపోగల చోట అని చెబుతాడు. అతను పాత రేవు కూలీకి తోబుట్టువు. స్టేషన్ ఎంత దగ్గరైనా, రేపటి కూలి నిశ్చయం కానంతవరకు అతనికి ఇల్లు ఎంచుకునే స్వేచ్ఛ లేదు. కనుక చౌక టిక్కెట్టు కోసం పోరాడేవాళ్ళు దానితోపాటే ఖాయమైన పని కోసం కూడా పోరాడాలి. రెండవది లేనిదే మొదటిది ఉద్యోగం వున్నవాడికే ఉపయోగపడుతుంది.