తెర వెనుక గొంతు

అమెరికా తొలి కార్టూన్లు నల్లవారినీ స్త్రీలనూ నవ్వులపాలు చేశాయి. జాత్యహంకారం వల్ల 11 కార్టూన్లను 1968లో ప్రసారం నుంచి తప్పించారు. 1930లో పుట్టిన బెట్టీ బూప్ గౌను 1934 సెన్సారు నియమావళితో పొడుగైంది. గీసింది దాదాపు అందరూ మగవాళ్ళే. డిస్నీలో ఆడవాళ్ళ పని ఆ గీతలకు ఇంకూ రంగూ అద్దడం. అయినా బెట్టీకి గొంతిచ్చిన మే క్వెస్టెల్ పేరు నిలిచింది.

సినిమా రాకముందే మన రాయలసీమ ఊళ్ళలో తెరమీద కదిలిన బొమ్మ తోలుబొమ్మ. రామాయణం నడుమ జుట్టు పోలిగాడితో, కేతిగాడితో బంగారక్క మోటు సరసం జనానికి నిద్ర వదిలించేది. నవ్వు ఆమె మీదే; ఎదురు జవాబూ ఆమెదే. ఆ జవాబు పలికింది తెర వెనుక కూర్చున్న ఆ ఇంటి ఆడవాళ్ళు.

నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది, సంతోషం. మరి బంగారక్కకు గొంతిచ్చిన వాళ్ళలో ఒక్కరి పేరైనా మనం చెప్పగలమా? బొమ్మలో స్త్రీ ఎలా ఉందన్న ప్రశ్న పక్కనే ఈ ప్రశ్ననూ మన సాహిత్య చరిత్ర వేసుకోవాలి.