మధుమేహము - మూలికల పరీక్ష

గ్రామ పెద్దలారా,

మధుమేహము మన దేశమునకు క్రొత్త రోగము కాదు. మన ప్రాచీన వైద్యులు ప్రమేహములు ఇరువది విధములని చెప్పి, వానిలో మధుమేహము నొకటిగా లెక్కించిరి. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను సయితము వారు గుర్తించిరి. పొడపత్రి, నేరేడు గింజలు, కాకరకాయ, మెంతులు ఈ రోగమునకు మన పల్లెలలో నేటికిని వాడుకలో నున్నవి. పొడపత్రి ఆకు నమలిన పిమ్మట పంచదార నోట వేసికొన్నచో కొంతసేపు తీపి తెలియదు. కాని నాలుకకు తీపి తెలియకుండుట వేరు, నెత్తుటిలోని చక్కెర తగ్గుట వేరు. ఈ రెంటి భేదమును తేల్చుటకే మూలికల పరీక్ష ఏర్పడినది.

ఈ పరీక్షల చరిత్రలో హైదరాబాదు నగరపు తూర్పు భాగమునకు మంచి స్థానము కలదు. తార్నాకనుండి ఉప్పలునకు పోవు మార్గమున భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యున్నది. దీనికి మూలము 1944లో హైదరాబాదు సంస్థానమున వెలసిన పరిశోధనాలయము. 1956లో అది శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పాలనలోనికి వచ్చినది; 1989లో నేటి పేరు వహించినది. దాని చేరువనే జాతీయ పోషకాహార సంస్థ కలదు. అది 1918లో నీలగిరులలోని కూనూరున మెక్కారిసన్ అను వైద్యుని పూనికతో ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. నాచారపు పారిశ్రామికవాడలోను మందుల పరిశోధన సాగించు సంస్థలు పిదప వెలసినవి.

ఇక పరీక్షా విధానము. ఆకును గాని వేరును గాని నీడన ఎండించి, పొడిచేసి, సారాయివంటి ద్రవములలో నానవేసి, వడగట్టి, ఆ ద్రవమును ఆవిరి చేయుదురు. మిగిలిన సారమే పరీక్షకు వచ్చును. మొదటి పరీక్ష రంగునకు సంబంధించినది. ఇనుము గాలిలోని ప్రాణవాయువుచేత త్రుప్పు పట్టునట్లే, నెత్తుట చక్కెర మితిమీరినపుడు దేహమున పుట్టు నిలకడలేని కణములచేత రక్తనాళములు, కండ్లు, మూత్రపిండములు చెడును. అట్టి కణములను అణచు శక్తి సారమునకు కలదా యని చూచుటకు, డి.పి.పి.హెచ్. అను ఊదారంగు ద్రావణమున దానిని కలుపుదురు. శక్తి యున్నచో ఊదారంగు విరిగి పసుపురంగు వచ్చును. ఈ పద్ధతిని బ్లాయిస్ అను శాస్త్రజ్ఞుడు 1958లో ప్రకటించెను. రెండవ పరీక్ష ప్రేగులలోని ఆల్ఫా గ్లూకోసిడేజు అను పదార్థముమీద జరుగును. మనము తిన్న అన్నములోని పిండిని తుదకు చక్కెరగా విడగొట్టున దిదియే. దీనిని సారము మందగింపజేసినచో, భోజనానంతరము నెత్తుట చక్కెర ఒక్కుమ్మడిగా పెరుగదు. ఈ రెండు గుణములును కలిసియున్న మూలికాద్రవ్యములు మధుమేహమున ఉపకరింపవచ్చునని ఉప్పలు మార్గమందలి సంస్థకు చెందిన తివారి, మధుసూదనరావుగారలు 2002లో కరెంట్ సైన్స్ పత్రికలో చర్చించిరి.

అయినను గాజుగొట్టములోని ఫలితము రోగికి ఔషధము కాదు. కడుపులో పడిన సారము నెత్తురు చేరునో లేదో, మేలుతోపాటు కీడు చేయునో, ఎంత మోతాదు తగునో జంతువులయందును, పిమ్మట మనుష్యులయందును తేలవలెను. మెంతులు ఈ తుది మెట్టు ఎక్కినవి. పోషకాహార సంస్థవారు ఇన్సులినుపై ఆధారపడిన రోగులకు నూనె తీసిన మెంతిపొడిని దినమునకు 100 గ్రాములు, రెండు పూటల భోజనమున కలిపి, 10 దినములు పెట్టిరి. మెంతులు లేని భోజనముతో పోల్చగా, మూత్రమున పోవు చక్కెర నూటికి 54 వంతులు తగ్గినట్లు 1990లో ప్రకటించిరి. ఇది గొప్ప ఫలితమే. కాని ఇచట మెంతులు ఇన్సులినునకు తోడు వచ్చినవే గాని, దాని స్థానమున నిలువలేదు.

మూలికనుండి మందు పుట్టదా యనిన, పుట్టును. ఐరోపాలో గలీగా యను మొక్క పూర్వమునుండి వైద్యమున నుండెను. అందలి పదార్థము చక్కెరను తగ్గించునది యైనను విషగుణము కలది. దానికి పోలిక గల మెట్‌ఫార్మినును రసాయనికులు 1922లో చేసిరి. 1957లో ఫ్రాన్సున స్టెర్న్ అను వైద్యుడు దానిని రోగులయందు వాడి ఫలితములు వెల్లడించెను. నేడు లక్షలాది ప్రజలు మ్రింగుచున్న మాత్ర యదియే. నడుమ ముప్పది యైదేండ్లు గడచినవి.

కావున మూలికలను తృణీకరింపవలదు. పరీక్షకు లోబడని మాటను నమ్మను వలదు. 1922లో ఇన్సులిను వాడుకకు వచ్చుటకు పూర్వము, అది దేహమున పుట్టని పిల్లలు కొలదికాలమునకే మరణించుచుండిరి. నేడును అట్టి బిడ్డకు సూదిమందు మాన్పించి ఆకుపసరు పోయుట ప్రాణము తీయుటతో సమానము. మాత్రలు వాడు పెద్దలు సయితము వైద్యుని అడుగక పసరులు చేర్చినచో, చక్కెర మితిమీరి తగ్గి సొమ్మసిల్లు ప్రమాదము కలదు. మీ మాట ఊరివారు విందురు. చెట్టుపేరు చెప్పువానిని, అది ఎందరు రోగులయందు, ఎన్ని దినములు, ఏ కొలతతో పరీక్షింపబడినదని ముందు మీరు అడుగుడు. ఆ ప్రశ్న ఊరిలో ఒక ప్రాణమునైనను కాపాడవచ్చును.