సమస్య ఇచ్చేదెవరు?

గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఊరికే రాలేదు. తిరుపతి వెంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో అవధానాలు చేసి మెప్పించినవారే. అవధానంలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు సమస్యగా ఒక పద్యపాదం విసురుతాడు. వినడానికి అసంబద్ధంగా, ఒక్కోసారి అసభ్యంగా ఉంటుంది. ఛందస్సు తప్పకుండా తక్కిన మూడు పాదాలు కట్టి, దానికి ఒప్పిదమైన అర్థం తేవాలి. సమస్యతో చదువు మనకు పాతదేనని ఛాతీ విరుచుకోవచ్చు గానీ, తొందర వద్దు. వ్యాకరణం, పురాణం, ఛందస్సు అప్పటికే ఒంటబట్టినవాడే ఆ సభలో కూర్చునేది. అక్కడ సమస్య చదువుకు గీటురాయి మాత్రమే, చదువుకు మొదలు కాదు.

మొదలే సమస్య కావాలన్న పట్టుదల వేరేచోట్ల పుట్టింది. అమెరికా విద్యావేత్త డ్యూయీ 1896లో షికాగోలో ప్రయోగశాల బడి తెరిచాడు. అక్కడి మరో విద్యావేత్త కిల్‌పాట్రిక్ 1918లో ‘ప్రాజెక్టు పద్ధతి’ అనే వ్యాసం రాశాడు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లమన్నారు. ఆ ప్రణాళిక తయారుచేసిన సంఘానికి అధ్యక్షుడు హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేనే.

సంస్థానాలు పోయాక, 1959లో వనపర్తి రాజప్రాసాదం పాలిటెక్నిక్ అయింది. వర్క్‌షాపులో ఆకురాయి పట్టడం చదువులో భాగమైంది, మంచిదే. అయితే చేయాల్సిన జాబ్ కొలతలతో సహా ముందే గీసి ఇస్తారు. అదీ ఒక రకంగా ఇచ్చిన పాదమే. 1974లో మొదలైన డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయం మాత్రం బృందాలుగా చేసే ప్రాజెక్టుల చుట్టూనే చదువును నిలబెట్టింది.

వైద్యంలో ఇంకా తెగువ చూపింది కెనడాలోని మెక్‌మాస్టర్. 1969లో మొదటి విద్యార్థులను చేర్చుకుని, ఉపన్యాసాలకు బదులు రోగి కథ చేతికిచ్చింది. ఏది తెలుసు, ఏది తెలియదు, ఎక్కడ వెతకాలి అన్నది చిన్న బృందమే తేల్చుకోవాలి. గురువు పక్కన ఉంటాడు, జవాబు చెప్పడు.

పాలమూరు నుంచి 2016లో మూడు జిల్లాలు విడిపోయాక వైద్య విద్య మాట మన గడపకూ వచ్చింది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైద్య కళాశాలలు 2022లో 150 సీట్ల చొప్పున మొదలయ్యాయి. గద్వాలలో 2024లో 50 సీట్లు వచ్చాయి. 2019 నుంచి అమలైన వైద్య పాఠ్యప్రణాళిక మొదటి ఏడాదే రోగిని చూపించమంటుంది. ఆ తర్వాత పల్లె కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమమూ చేరింది. నా దృష్టిలో అసలు సమస్య దొరికేది అక్కడే. ఏ పృచ్ఛకుడూ దాన్ని ముందుగా చెక్కి ఇవ్వడు.

చిక్కల్లా లెక్కలోనే ఉంది. చిన్న బృందాలతో చదువు సాగాలని ఎనిమిదేసిమందిని కూర్చోబెడితే 150 మందికి పంతొమ్మిది బృందాలు. జవాబు తెలిసీ నోరు కట్టుకోగల పంతొమ్మిదిమంది గురువులు ఒకే గంటలో దొరకాలి.